మరదలి కన్ను

విశాఖపట్నం,
2-9-2001.

ఒసే మరదలు పిల్లా,

నువ్వు కొండ చేరావో లేదో అని మీ ఆయన నిన్నటినుంచి నా చెవి కొరికేస్తున్నాడు. "అక్కా, ఘాట్‌లో దానికి వాంతులైనాయేమో. అక్కా, కిటికీ పక్కన సీటు దొరికిందో నేదో." ఆపరేషన్ వాడికి, విశ్రాంతి నాకు కావాలి. వాడి పోరు పడలేక రాస్తున్నానుగానీ నీ మీద ప్రేమ పొంగిపొర్లి కాదు.

సుక్రు బాగానే ఉన్నాడు. గుండెలో పెట్టిన కొత్త వాల్వు టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది, పక్కన కూర్చుంటే నాకే వినిపిస్తుంది. రెండు మెట్లెక్కితే రొప్పేవాడు నిన్న మేడ మెట్లన్నీ ఎక్కి దిగాడు. వచ్చే ఏడు మిరియాలకు చెట్టెక్కేది నేనే అంటున్నాడు. దగ్గొస్తే మాత్రం దిండును గుండెకు హత్తుకుని దగ్గాలట, కోసి కుట్టిన ఎముక కదలకుండా. నిన్ను కూడా ఎప్పుడూ అంత గట్టిగా పట్టుకుని ఉండడు.

ఒక్క చిన్న సంగతి. కుట్టు కింది కొసన కాస్త తడి ఊరుతోంది. డాక్టరు లక్ష్మీప్రసాద్ గారు నొక్కి చూసి ఈ వారం ఇంటికి పంపనన్నారు. అంతా నీవల్లే. మొన్న నర్సు కట్టు విప్పుతుంటే "నేనూ సూత్తాను" అని మధ్యలో దూరి, కళ్ళు ఇంతింత చేసుకుని చూశావు కదా? కడుపుతో ఉన్నదాని కన్ను పడితే ఏ పుండైనా మానుతుందా? నీ కన్నే తగిలిందే మరదలా! ఇంటికొచ్చాక ఆ కళ్ళకు కాటుక బదులు కారం పెడతాను.

పక్క మంచం తాతారావు గారు విజయనగరం లారీ డ్రైవరు. ఈయనకూ గుండె కోతే. షుగరు కూడా ఉంది, అయినా దొంగతనంగా జిలేబీ తెప్పించుకుంటాడు. నర్సు వస్తే ఆ పొట్లం నా సంచిలో దాస్తాడు. నాకూ కాలక్షేపమే.

అమ్మకు చెప్పు, కోడిపిల్లలను గంప కిందే మూయమని.

మీ ఆయన్ని నీకు తిరిగి అప్పజెప్పేదాకా ఇక్కడే కాపలా ఉండే
నీ ఆడబిడ్డ రత్న

*

తోటపుట్టు,
11-9-2001.

వదినకు,

నీ ఉత్తరం సంతరోజు ముంచింగిపుట్టులో అందింది. ఇంటికొచ్చి అత్తకు పైకి చదివి వినిపించాను. మిరియాల చెట్టు దగ్గర అత్త నవ్వింది. దిండు దగ్గర నేను సిగ్గుపడి ఆపేస్తే "సదువు, సదువు" అని మళ్ళీ నవ్వింది. కన్ను మాట వచ్చేసరికి నవ్వలేదు.

"ఎల్లేముందే సెప్పినాను కదే, పుండు మీద నీ సూపు పడకూడదని," అంది. అవును వదినా, చెప్పింది. బస్సెక్కేముందు చెప్పింది. నేనే మరిచిపోయాను. ఆయన గుండె మీద అంత పొడుగు కోత ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు. చూడకుండా ఉండలేకపోయాను. అసిరమ్మ ముసలమ్మ కూడా వచ్చి కూర్చుని, వాళ్ళ అన్నను ఎలుగు గీరినప్పుడు కడుపుతో ఉన్న పెళ్ళాం ఎదురుగా వచ్చిందనీ, ఆ పుండు ఎముకదాకా పోయిందనీ చెప్పింది.

నువ్వు సరదాకే అన్నావని నాకు తెలుసు. నీ నోరు నాకు కొత్తా? అయినా ఒక్కటి రాయి వదినా. ఆ తడి నేను చూసిన తర్వాతే మొదలైందా, ముందునుంచీ ఉందా?

ఆయనకు గుడ్డూ మాంసమూ పెట్టకు, చీము పడుతుందని అత్త మరీమరీ చెప్పమంది. లోపల బిడ్డ బాగా తంతోంది. అల్లం, పసుపు కొమ్ములు పంపుతున్నాను.

నీ సమాధానం కోసం చూస్తూ
భాను

*

విశాఖపట్నం,
13-9-2001.

భానూ,

నీ ఉత్తరం ఇంకా అందలేదు. వర్షాలకు ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డాయట, టపా ఎక్కడ ఆగిందో. అది వచ్చేదాకా ఆగకుండా రాస్తున్నాను.

కంగారు పడకు. కుట్లు విప్పి లోపల కడుగుతున్నారు. దగ్గినప్పుడు ఎముక టక్కుమంటోందని వాడే డాక్టరుకు చెప్పాడు. వెంటనే థియేటరుకు తీసుకెళ్ళారు. ఎముకను కట్టిన తీగలు తీసేశారట. ఇప్పుడు గాయాన్ని కుట్టకుండా, మందులో తడిపిన గుడ్డ లోపల కూరి, రోజూ మారుస్తున్నారు. అది మంచి పద్ధతేనట, చీము లోపల దాగకుండా బయటికి వచ్చేస్తుందట. గుడ్డ మార్చేటప్పుడు వాడు మంచం ఊచ పట్టుకుని మన కొండదేవతలందరినీ పేరుపేరునా పిలుస్తాడు. తాతారావు గారు "నా తరపున కూడా ఒక కేక వెయ్ బాబూ" అంటాడు. ఆయనకూ అదే రోగం మొదలైంది.

నువ్వు మాత్రం ఇప్పుడు రావద్దు. ఒట్టు పెట్టి చెబుతున్నాను. నువ్వు రాకపోతేనే వాడికి మంచిది, నీకూ మంచిది. ఆరో నెల, పైగా ఈ వానలు. వాడి గాయం ఆరేదాకా అక్కడే ఉండు.

రత్న

*

తోటపుట్టు,
24-9-2001.

వదినకు,

నా ఉత్తరం అందలేదని రాశావు, నన్ను నొప్పించకూడదనే అలా అన్నావని తెలుసు; నా ప్రశ్నకు నీ సమాధానం అందింది. అర్థమైంది. నేను రాకపోతేనే ఆయనకు మంచిదని ఒట్టు పెట్టి మరీ రాశావు. నన్ను బాధపెట్టకుండా ఎంత మెల్లగా చెప్పావో, నీకు దణ్ణం పెడతాను.

రాను. మనసులో కూడా ఆ గాయాన్ని చూడకూడదని అనుకుంటాను, కానీ కళ్ళు మూస్తే అదే కనిపిస్తోంది. అరకులో మేం తీయించుకున్న ఫోటో ఉంది కదా, దాన్ని గోడవైపు తిప్పి పెట్టాను.

రోజులు చూసే మన దిసారి దగ్గరికి వెళ్ళాము. కోడిని అడిగాడు, ఇచ్చాము. బిడ్డ బయటపడ్డాక నా చూపుకు దోషం పోతుందన్నాడు. అంతవరకూ ఓర్చుకోవాలి.

సామలు కోశాం. దిగుబడి పరవాలేదు. మీ ఆయన ఫల్గుణ అన్నయ్య వచ్చి రెండు రోజులు సాయం చేసి వెళ్ళాడు. నువ్వు లేక ఇల్లు గోలలేకుండా ఉంది, ఏమీ తోచట్లేదు అన్నాడు.

భాను

*

విశాఖపట్నం,
8-10-2001.

ఓ మంత్రగత్తె మరదలా,

నీ రెండు ఉత్తరాలూ ఒక్కరోజే అందాయి. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీ కంటికి అంత బలమే ఉంటే కాఫీ తోటలోకి పోయి కాయతొలిచే పురుగును చూసి చంపు, నాలుగు బస్తాలు ఎక్కువ వస్తాయి. పనిలేని దిసారి, పనిలేని అసిరమ్మ, వాళ్ళ మధ్య నువ్వు! ఆ కోడిని ఇక్కడికి పంపితే మీ ఆయనకు పులుసైనా పెట్టేదాన్ని.

అమ్మకు గట్టిగా చెప్పు, పథ్యం ఇక్కడ చెల్లదు. రోజూ గుడ్లు పెట్టమని డాక్టరే అన్నారు. కండ పడితేగానీ గాయం పూడదట. వాడు తినడు, "సీము పడతాది, అమ్మ సెప్పింది" అంటాడు. "ఈ గుడ్డు బాను పెట్టిన గుడ్డురా" అన్నాను. నవ్వి తిన్నాడు. అలా నవ్విస్తేగానీ ముద్ద దిగట్లేదు.

డాక్టరు గారిని అడిగాను, ఇది ఎందుకొచ్చింది బాబూ అని. కంటికి కనబడని సూక్ష్మజీవి ఎముకలో చేరిందన్నారు. ఎక్కడినుంచి వచ్చింది అంటే, "చెప్పలేమమ్మా. ఒంటిమీదదే కావచ్చు, ఎవరి చేతి నుంచైనా, ఎవరి ఊపిరినుంచైనా కావచ్చు. మేమెంత జాగ్రత్తపడ్డా వందమందిలో ఒకరిద్దరికి వస్తుంది" అన్నారు. ఉన్నమాట చెప్పే మనిషి, నాకు నచ్చాడు. చచ్చుపడిన ఎముక ముక్కలు తీసేశారు. ఇంక గాయం శుభ్రపడితే రొమ్ము కండను తిప్పి ఆ గుంట మీద కప్పుతారట, చిరిగిన చోట మాసిక వేసినట్టు.

వాడు చిక్కిపోయాడు. నీ దగ్గర దాచి ఏం లాభం. మన సుక్రు ఎక్కిన కొమ్మ విరిగేది కాదు, ఇప్పుడు వాణ్ణి నేనొక్కదాన్నే లేవనెత్తి కూర్చోబెడుతున్నాను. ఇది రాస్తుంటే కళ్ళు నిండుతున్నాయి. ఆపేస్తున్నాను.

రత్న

*

తోటపుట్టు,
19-10-2001.

వదినకు,

మంత్రగత్తెనని నువ్వు రాసింది అత్తకు చదవలేదు.

డాక్టరు గారు కూడా ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేమన్నారు కదా. కంటికి కనబడనిదని ఆయనే అన్నారు. మన పెద్దవాళ్ళూ అదే అంటారు. ఎవరి ఊపిరినుంచైనా అన్నారు. ఆ రోజు మంచం దగ్గర అందరికన్నా దగ్గరగా వంగి చూసింది నేనే. నువ్వు అడిగింది నాకోసమే కదా, ఆయన నా పేరు చెప్పి ఉంటే నువ్వు రాసేదానివి కాదు. నాకు తెలుసు.

గుడ్ల సంగతి అత్తకు చెప్పాను. ఒప్పుకుంది. ఇకనుంచి నా పేరు చెప్పి పెట్టకు వదినా, నీ పేరు చెప్పి పెట్టు.

వలిసెలు పూశాయి. కొండంతా పచ్చగా ఉంది. ఆయనకు చెప్పు.

భాను

*

విశాఖపట్నం,
2-11-2001.

మరదలా, మంచి కబురు!

కండ తిప్పి కప్పే ఆపరేషన్ అయింది. ఐదు గంటలు థియేటరు బయట కూర్చున్నాను, తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు గాయం మూసుకుని ఉంది. జ్వరం జారింది. నిన్న చోడి అంబలి అడిగి తాగాడు. తాతారావు గారికి కూడా కుట్లు మానాయి, రేపు ఇంటికి పోతున్నాడు. వెళ్ళేముందు సుక్రు చేతిలో జిలేబీ పెట్టి "నీదే వంతు బాబూ" అన్నాడు.

వలిసెలు పూశాయంటే ఏమన్నాడో తెలుసా? "బాను ఆ సేలో నిలబడితే నడుందాకా వత్తాయక్కా పువ్వులు. ఈసారి కడుపు కనబడతాదో నేదో." తర్వాత గోడవైపు తిరిగాడు. "ఒక్కసారి రమ్మనక్కా. బేగి రమ్మను" అన్నాడు.

నేను డాక్టరును అడిగాను. తప్పకుండా రమ్మనండి, మనిషికి ధైర్యం వస్తుందన్నారు. ఫల్గుణ నిన్ను జాగ్రత్తగా తీసుకొస్తాడు. వెంటనే బయల్దేరు. రోజూ సాయంత్రం చూసేవాళ్ళను లోపలికి వదిలే వేళకు వాడు గడ్డం దువ్వుకుంటున్నాడు, పిచ్చి సన్నాసి.

రత్న

*

తోటపుట్టు,
10-11-2001.

వదినకు,

గాయం మూసుకుందని విని అత్తా నేనూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాము.

నేను రాలేను. నెలలు నిండుతున్నాయి. కాఫీ పండింది, ఏరకపోతే రాలిపోతుంది. మనుషులు దొరకట్లేదు. ఫల్గుణ అన్నయ్య వచ్చాడు, వెనక్కి పంపించాను. ఆయనతో ఏదో ఒకటి చెప్పు. ఇంత మానిన తర్వాత ఇప్పుడు తొందర దేనికి? ఇంటికొచ్చాక చూసుకుంటాను.

భాను

*

విశాఖపట్నం,
14-11-2001.

భానుకు,

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించలేదు. ఏ ముఖంతో వినిపించను? కాఫీ గింజలు రాలిపోతాయని మొగుణ్ణి చూడటానికి రాని ఆడదాన్ని నిన్నే చూశాను. నేను నా ఇల్లూ వాకిలీ వదిలి, రెండు నెలలుగా ఆసుపత్రి మెట్ల కింద వండుకుని, వాడి చీము గుడ్డలు చూస్తూ కూర్చున్నాను. నీకు తొందర దేనికనిపించిందా?

మళ్ళీ జ్వరం వచ్చింది. చలి పుట్టి మంచం ఊగిపోతోంది. చీము కొత్త వాల్వుదాకా పాకిందేమోనని డాక్టరు అనుమానం. సాయంత్రం చూసే వేళకు తలుపువైపు తిరిగి పడుకుంటాడు. గంట కొట్టి అందరూ వెళ్ళాక ఇటు తిరుగుతాడు.

వస్తే రా. లేకపోతే మానుకో. ఇక నేను రాయను.

రత్న

*

తోటపుట్టు,
16-12-2001.

వదినకు,

చదవకుండా చింపేస్తావేమో. అయినా రాస్తున్నాను.

ఆయన్ని తీసుకొచ్చిన రోజు కడుపుతో ఉన్నదాన్నని నన్ను లోపల పెట్టి తలుపేశారు. నీ ఏడుపు వినిపించింది. తలుపు తీయమని నేను కొట్టలేదు. మూడో రోజు నాతో మాట్లాడకుండానే మీ ఊరు అనంతగిరి వెళ్ళిపోయావు. నీ తప్పు లేదు. నేనేం చేశానో నీకు తెలియదు కదా.

నేను వచ్చాను వదినా. నీ కోపం ఉత్తరం చూసి ఉండలేకపోయాను. చెకప్‌కని అత్తకు చెప్పి, పక్కింటి గంగను వెంటపెట్టుకుని అరకులో రైలెక్కాను. ఆయన్ని చూడటానికి కాదు, చూడకూడదు కదా. మూసుకున్న గాయం మీద నా కన్ను మళ్ళీ పడితే? ఆయన ఉన్న ఊళ్ళో ఒక పూట ఉండాలనిపించింది, అంతే. వార్డుకు వరండావైపు కిటికీ ఉంది చూడు, ఆయన మంచం వెనక. ఆ పక్కన గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. నా చూపు పొరపాటున కూడా లోపలికి పోకూడదని గంగను కిటికీకి అడ్డం నిలబెట్టాను.

మీ మాటలు వినిపించాయి. "రాదురా అది. దానికి కాఫీ గింజలే మొగుడు" అన్నావు నువ్వు. "అలాగనకక్కా. వత్తాది. ఆ ఇస్టూలు ఇలగ ఏసి ఉంచు, వత్తే నిలబడనేదు కడుపుతోటి" అన్నాడాయన. నేను గోడకు అవతల నిలబడే ఉన్నాను. కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. పిలుద్దామని నోటిదాకా వచ్చింది, కొంగు కుక్కుకున్నాను.

ఆయన గొంతు గట్టిగానే ఉంది వదినా. ఇంత బాగా మాట్లాడుతున్నాడంటే మానిపోతున్నట్టే, నేను చూడకపోవడం పనిచేస్తోంది అనుకున్నాను. సంతోషపడ్డాను. నిజంగా సంతోషపడ్డాను. గంట కొట్టగానే వెళ్ళి స్టేషనులో పడుకుని, పొద్దున్నే రైలెక్కాం. నేను ఊరు చేరిన మర్నాడు ఆయన పోయాడని కబురొచ్చింది.

పదో తేదీన బిడ్డ పుట్టింది. ఆడగుంట. పుడితే నా దోషం పోతుందని దిసారి అన్నాడుగానీ నాకు నమ్మకం లేదు. బొడ్డు ఇంకా ఊడలేదు, అదీ పుండే కదా. అందుకని గుంటను నేను చూడటం లేదు. అత్తే నీళ్ళు పోస్తోంది. పాలిచ్చేటప్పుడు కళ్ళకు గుడ్డ కట్టుకుంటున్నాను. అచ్చం ఆయన పోలికేనని అందరూ అంటున్నారు. నాకు తెలియదు.

భాను

*

అనంతగిరి,
21-12-2001.

భానూ, నా తల్లీ,

రేపు పొద్దున్న మొదటి బస్సుకు బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం పోస్టులో వేయను, చేతిలోనే తెస్తాను. నీ ముందు నా నోరు పెగలదని తెలుసు. అందుకే రాసుకుంటున్నాను. నువ్వే చదువుకో.

తడి నువ్వు రాకముందే ఉంది. నువ్వు వచ్చే ముందు రోజే నర్సు చూసి డాక్టరుకు చెప్పింది. నువ్వు దిగులుపడతావని నీకు చెప్పలేదు. ఆ జీవి ఎముకలో అప్పటికే చేరిందని డాక్టరు తర్వాత చెప్పారు. నీ కన్ను కాదు, నీ ఊపిరి కాదు. సెప్టెంబరులో నువ్వు ఈ ఒక్క ముక్కే అడిగావు. నేను వేళాకోళమాడాను. వదినా మరదళ్ళం కదా, నా మాట నీకు తగులుతుందని అనుకోలేదు. భయమేసినప్పుడల్లా నేను వేళాకోళమే ఆడతాను, వేరే తెలియదు నాకు. నీ ఇంట్లో అందరూ నమ్మే మాటతో ఆడుకున్నాను. నువ్వూ నమ్మావు. నీ మొగుడి కడచూపు నీకు లేకుండా చేశాను.

ఆ కళ్ళ గుడ్డ విప్పు. బొడ్డు ఊడినా ఊడకపోయినా నీ గుంటను నువ్వు చూడు. నువ్వు విప్పకపోతే నేనొచ్చి విప్పుతాను.

ఇంకొకటి చెప్పాలి. నువ్వు వరండాలో నిలబడ్డ రోజే, గంట కొట్టాక, వాడికి ఆయాసం ఎక్కువైంది. బాను వచ్చిందా అని మళ్ళీ అడిగాడు. రాలేదని చెప్పే ధైర్యం నాకు ఇక లేకపోయింది. "వచ్చిందిరా. కడుపుతో ఉంది కదా, లోపలికి రాలేదు. వరండాలోనే ఉండి, నీ మాటలు విని వెళ్ళింది" అన్నాను. వాడు మెల్లగా తల కిటికీవైపు తిప్పాడు. "కూకోడానికి ఇస్టూలు ఏసినారా?" అన్నాడు. ఏశారన్నాను. అప్పుడు నిద్రపోయాడు. ఆ తర్వాత మరి అడగలేదు.

చావబోయేవాడితో అబద్ధమాడానని ఈ నెలంతా నిద్రలేదు నాకు. నేను వాడికి చెప్పినదాంట్లో స్టూలు ఒక్కటే అబద్ధమని నీ ఉత్తరం చదివేదాకా తెలియదు భానూ.

వదిన